స్ట్రెచర్ మీద వెళ్ళిన పద్నాలుగో నంబరు

నేను ఒక బంతిని. బంతి అనగానే మీ కళ్ళ ముందు గుండ్రటిదేదో మెదులుతుంది కదా, అది నేను కాదు. రెండు కొసలూ మొనదేలి, నడుము దగ్గర లావుగా, పొట్ట మీద తెల్లటి తాళ్ళ కుట్టుతో ఉంటాను. కాకినాడలో నన్ను మొదటిసారి చూసినవాళ్ళు "ఇదేంటండీ, బొప్పాయికాయా?" అన్నారు. అమెరికా వాళ్ళు నన్ను ఫుట్‌బాల్ అంటారు. ఆటంతా చేతులతో ఆడి, ఎప్పుడో ఒకసారి కాలితో తన్ని, ఆ పేరెందుకు పెట్టారో నాకు ఇప్పటికీ తెలీదు. మనుషులు పెట్టే పేర్లకు అర్థం వెతకడం మానేసి చాలా కాలమైంది.

ప్రస్తుతం నేను భీమశంకరం ఇంట్లో అటక మీద, పాత దుప్పట్ల మూటకీ పాడైపోయిన టేబుల్ ఫ్యానుకీ మధ్య పడి ఉన్నాను. గాలి సగం పోయింది. ఈ కథ ఎవరినో తిట్టడానికి చెప్పడం లేదు. తిట్టాలంటే ముందు శంకరాన్నే తిట్టాలి, ఆ మనిషి తనను తాను తిట్టుకున్నది చాలదా!

నేను పుట్టింది జలంధర్‌లో. ఒక ఇంటి వరండాలో కూచుని బల్వీందర్ కౌర్ అనే ఆవిడ నాలుగు తోలు ముక్కల్ని లోపలి వైపు బయటికి పెట్టి కుట్టింది. కుట్టడం అయ్యాక చిన్న కంత గుండా నన్ను మొత్తం తిరగేసింది. లోపల రబ్బరు తిత్తి పెట్టి, తాళ్ళు బిగించి, గంపలో పడేసి ఇంకోటి అందుకుంది. రోజుకు ఇన్ని అని లెక్క ఉండేది కాబట్టి నా ముఖం సరిగ్గా చూసే తీరిక ఆవిడకు లేదు. నేను మాత్రం ఆవిడ చేతుల్ని మర్చిపోలేదు.

అక్కడి నుంచి ఓడెక్కి ఒహాయోలో ఒక హైస్కూలుకు చేరాను. రెండేళ్ళు ఆ పిల్లలు నన్ను బురదలోకీ మంచులోకీ విసిరారు. వాళ్ళ కోచ్ హాల్వర్సన్ అనే పెద్దాయన. ప్రతి శుక్రవారం ఆట అవగానే ఆ వీడియోని కంప్యూటర్లో ఎక్కడికో పంపేవాడు. సోమవారం పొద్దున్నకల్లా అది ముక్కలు ముక్కలుగా, ప్రతి ముక్క కిందా ఎవరు విసిరారు, ఎవరు పట్టారు, ఎన్ని గజాలు అన్న వివరాలతో తిరిగొచ్చేది. ఆ ఏడు జట్టు జిల్లాలో గెలిచింది. ఆయన సంతోషం పట్టలేక, నా మీద స్కెచ్ పెన్నుతో సంతకం పెట్టి, గాలి తీసి, పెట్టెలో మడిచి, ఆ వీడియోలు కోసే మనుషులకు కానుకగా పంపాడు. జలంధర్‌లో పుట్టిన నేను అమెరికా బహుమతినై కాకినాడలో దిగాను. నా జన్మస్థలం తాళ్ళ పక్కనే చిన్న అక్షరాల్లో అచ్చు వేసి ఉంది, ఎవరూ చదవలేదు.

జగన్నాథపురం వంతెన దాటాక టైర్ల షాపు పైన మూడో అంతస్తులో ఉండేది ఆ ఆఫీసు. ముప్ఫై మంది, ముప్ఫై తెరలు. వాళ్ళ శుక్రవారం రాత్రి మన శనివారం పొద్దున కాబట్టి ఊరంతా సెలవులో ఉన్నప్పుడు వీళ్ళకు ఊపిరి సలపని పని. ఒక్కరు కూడా ఆ ఆటని ఎదురుగా చూసినవాళ్ళు కాదు. కానీ ఒహాయోలో ఏ మైదానంలో గాలి ఎటు వీస్తుందో చెప్పగలరు. ఆటలో ఒక్కో ఎత్తునీ వాళ్ళు "ముక్క" అనేవాళ్ళు. ముక్క అంటే ఆరేడు సెకన్లు. బంతి చేతిలోకి వచ్చినప్పుడు మొదలై, ఈల మోగగానే అయిపోతుంది. ముక్కకీ ముక్కకీ మధ్య ఏం జరిగిందో వాళ్ళు చూడరు. అది వాళ్ళ పనిలో లేదు.

క్వార్టర్‌బ్యాక్ అంటే ఎవరో తెలియనివాళ్ళకు ఒక్క మాట చెబుతాను. పదకొండుమందిలో నన్ను ముందుగా చేతిలోకి తీసుకునేవాడు, ఎవరికి విసరాలో, ఎవరికి అందించాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకునేవాడు. అవతల వాళ్ళంతా వాడి మీదికే దూకుతారు. గెలిస్తే వాడే దేవుడు, ఓడితే వాడే దోషి. ఇలాంటివాళ్ళలో అందరికన్నా గొప్పవాడు ఎవరు అన్నది మా భోజనాల గదిలో రోజూ జరిగే యుద్ధం. పాత కాలం వాళ్ళ రీళ్ళూ, కొత్త కాలం వాళ్ళ వీడియోలూ అన్నీ వాళ్ళ కళ్ళ ముందు నుంచే వెళ్ళేవి కాబట్టి, ఎవరి అభిమానం వాళ్ళది.

అందరూ ఒకేసారి అరుస్తుంటే చెవులు పగిలి, మేనేజర్ నూకరత్నం గారు ఒక నియమం పెట్టారు. నేను ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి. చెప్పడం అయ్యాక తరవాతి మనిషికి నన్ను విసరాలి. ఒహాయోలో పిల్లలు నన్ను పట్టుకుని పరుగెత్తేవాళ్ళు, ఇక్కడ పెద్దవాళ్ళు నన్ను పట్టుకుని వాదించేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, నాకు ఇదే బాగుండేది.

"ఏడుసార్లు సూపర్ బౌల్ ఫైనల్ నెగ్గిన బ్రేడీని పక్కనెట్టి ఇంకెవరి గురించండీ మాట్లాడేది?" అనేవాడు భీమశంకరం. అతను నాణ్యత చూసే మనిషి. మిగతావాళ్ళు చేసిన పనిలో పదింటికొక ముక్క తీసి తప్పులు వెతకడం ఉద్యోగం. "జట్లు ఆటగాళ్ళని ఏరుకున్న రోజున నూట తొంభై ఎనిమిది మందిని పిలిచాక గానీ బ్రేడీని పిలవలేదు. అలాంటోడు అంత ఎత్తుకెళ్ళాడంటే ఇంక వాదనేంటండీ!"

ఫిలోమినా చెయ్యి చాచి నన్ను లాక్కునేది. "ఏడు గెలిచాడు, మూడు ఓడాడు కదండీ. మా మోంటానా నాలుగు ఆడాడు, నాలుగూ గెలిచాడు. నాలుగు ఫైనల్స్‌లో ఒక్క బంతి అవతలోళ్ళ చేతిలో పెట్టలేదు." మోంటానా ఆమెకు మేనమామ అయినట్టు చెప్పేది.

నూకరత్నం గారిది పాత కాలం పక్షం. "యాభైలు అరవైల్లో, మా యునైటస్ ఆడిన రోజుల్లో క్వార్టర్‌బ్యాక్‌ని ఎంత కొట్టినా అడిగే దిక్కు లేదమ్మా. ఇప్పుడు గట్టిగా ముట్టుకుంటే తప్పని రిఫరీలు జెండా విసురుతున్నారు. డెబ్బై ఎనిమిదిలో రూల్స్ మార్చాక విసరడం తేలికైపోయింది. రెండు కాలాల్ని ఒక తక్కెట్లో ఎలా పెడతారు?" అనేవారు. అందరూ తలూపి, మర్నాడు మళ్ళీ అదే తక్కెడ తెచ్చేవాళ్ళు.

లోవరాజు పద్ధతి వేరు. నన్ను రెండు చేతులా అందుకునేవాడు. మోటు వేళ్ళు, కానీ తాళ్ళ మీద సరిగ్గా ఎక్కడ ఆన్చాలో అక్కడే ఆన్చేవాడు. ఇన్ని చేతుల్లో పడ్డాను, నన్ను అంత మర్యాదగా పట్టుకున్నవాడు లేడు.

ఒకప్పుడు లోవరాజు విపరీతంగా తాగేవాడట. భార్య సత్యవేణి తుని వెళ్ళిపోయి ఏడాది పుట్టింట్లో ఉందట. మానేసిన మొదటి నెలలో చేతులు వణుకుతుంటే, శంకరమే అతని కీబోర్డు దగ్గర కూచుని పని పూర్తి చేయించాడట. ఈ సంగతి ఫిలోమినా కొత్తగా చేరినవాళ్ళకు చెబుతుంటే విన్నాను. సత్యవేణి తిరిగొచ్చి మూడేళ్ళయింది. శంకరం, లోవరాజు ఒకే కంచంలో తినేవాళ్ళు. మాట వరసకు అనడం లేదు, శంకరం మూత తీసిన డబ్బాలోనే ఇద్దరి చేతులూ ఉండేవి.

లోవరాజుకు ఆ ఏడు పాత రీళ్ళ పని ఇచ్చారు. అమెరికాలో ఎక్కడో చిన్న కాలేజీ, యాభైల నాటి ఆటలు, రెండేళ్ళవి కలిపి మొత్తం పద్దెనిమిది. నలుపూ తెలుపూ, శబ్దం లేదు, స్టాండు పైనుంచి తీసినవి. హెల్మెట్ల కింద ముఖాలు కనబడవు, వీపుల మీద అంకెలు మాత్రం కనబడతాయి. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ పద్నాలుగో నంబరు. అతన్ని చూసి లోవరాజు మనసు పారేసుకున్నాడు.

"మీ బ్రేడీలూ మోంటానాలూ సరేనండీ, ఇతని సంగతి వినండి" అన్నాడొక రోజు నన్ను పట్టుకుని. "పది ఆటల వరకూ బంతిని అట్టే పట్టుకునుంటాడు, దెబ్బలు తింటాడు. పదకొండో ఆటలో కాలు ఇరిగిందనుకుంటా, ముక్క చివర్న స్ట్రెచర్ మీద మోసుకెళ్ళిపోయారు. తరవాతి ముక్కలో చూద్దును కదా, మళ్ళీ ఆడే! నడిచొచ్చేసి నిలబడ్డాడు. ఆ తరవాత ఆటాటకీ మనిషే మారిపోయాడండీ. చేతిలోకొచ్చిన బంతి చేతిలో ఉండదు, ఇలా వచ్చి అలా ఎల్లిపోద్ది. ఆడుతూ ఆడుతూ, దెబ్బ తిన్నాక, తన ఆటని తనే మార్చుకున్నోడు ఇంకెవడున్నాడో చెప్పండి. కప్పులు లెక్కెట్టడం కాదండీ, మనిషి మారాడా లేదా అదీ."

ఆఖరి మాట అంటున్నప్పుడు అతని బొటనవేలు నా తోలులోకి దిగింది. అతను ఎవరి గురించి మాట్లాడుతున్నాడో నాకు తెలిసింది, శంకరానికి ఇంకా బాగా తెలుసు. రోజులు గడిచేకొద్దీ వినేవాళ్ళు పెరిగారు. చివరికి ఫిలోమినా కూడా, "మా మోంటానా తరవాత మీ పద్నాలుగేనండీ" అంది. శంకరం నవ్వాడు కానీ నన్ను అందుకున్న పట్టు బిగుసుగా ఉంది.

భోజనాలప్పుడు తప్ప నేను ఉండేది శంకరం బల్ల పక్క షెల్ఫు మీద. కాబట్టి ఒక మంగళవారం సాయంత్రం తెర మీద ఏం కనబడిందో నేనూ చూశాను. రీళ్ళతో పాటు ఆట రోజు జనానికి పంచే కరపత్రాల ఫొటోలు కూడా వచ్చాయి. వాటిని ఎవరూ తెరవలేదు, పనిలో లేవు కాబట్టి. శంకరం తెరిచాడు. పదకొండో ఆట కరపత్రంలో పద్నాలుగో నంబరు ఎదురుగా రాల్ఫ్ డెన్నర్ అని ఉంది. పన్నెండో ఆట దాంట్లో అదే నంబరు ఎదురుగా యూజీన్ పామ్ అని ఉంది. పేద కాలేజీ, చొక్కాలు తక్కువ. స్ట్రెచర్ మీద వెళ్ళినవాడి చొక్కా విప్పి, బదులు వచ్చినవాడికి తొడిగారు. లోవరాజు ఇద్దర్ని ఒక్కడనుకున్నాడు. మారిన మనిషి లేనేలేడు.

ఇక్కడ పాత రీళ్ళ పనికి ఆ ఆఫీసు పెట్టుకున్న పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరి తప్పు వాళ్ళే పట్టుకుని శుక్రవారం సాయంత్రం లోపు దిద్దుకుంటే అది సవరణ, ఎవరూ ఏమీ అనరు. శుక్రవారం దాటితే పూర్తయిన పనంతా అమెరికా వెళ్ళిపోతుంది, అప్పుడది తప్పు. లోవరాజు పద్దెనిమిది రీళ్ళూ కలిపి వెళ్ళాల్సింది ఆ శుక్రవారమే. శంకరం ఆ పద్ధతిని రోజూ పదిమందికి గుర్తు చేసే మనిషి. లేచి నాలుగు అడుగులు వేసి "ఒరే, ఇలా రా, ఒకటి చూపిస్తాను" అంటే సరిపోయేది.

అనలేదు. ఆ కాగితాలు అచ్చు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. శనివారం అందరూ కలిసి తింటారు, ఆ రోజు చెబితే రుచిగా ఉంటుందనుకున్నాడు. అతనిలో కపటం లేదు, ఆ మాట ఒట్టేసి చెబుతాను. గెలవాలన్న చిన్న సరదా, అంతే. బుధ, గురు, శుక్రవారాలు ఒక్కడే తనలో తను నవ్వుకుంటుంటే షెల్ఫు మీద నుంచి చూస్తూ కూచున్నాను. గొంతు ఉంటే అరిచేదాన్ని.

శనివారం ఫిలోమినా రొయ్యల ఇగురు తెచ్చింది. ఆ వాసనకు ఎప్పుడూ తన గదిలోనే తినే నూకరత్నం గారు కూడా డబ్బా పట్టుకుని వచ్చి కూచున్నారు. శంకరం చెయ్యి కడుక్కుని, నన్ను ఎత్తి పట్టుకుని, కాగితాలు తీశాడు.

"అందరూ వినండి. మన లోవరాజు గారి దేవుడు అసలు ఒక్కడు కాదండీ, ఇద్దరు!" అన్నాడు. రెండు పేర్లూ చదివాడు. "స్ట్రెచర్ మీద పోయినోడు పోయాడు. వచ్చినోడు ఇంకోడు. మనోడు ఆర్నెల్లు పూజ చేసింది ఒక చొక్కాకండీ!"

నవ్వులు లేచాయి. అందరికన్నా గట్టిగా శంకరమే నవ్వాడు. ఫిలోమినా కూడా నవ్వి, లోవరాజు ముఖం చూసి ఆపేసింది. నవ్వుతూనే శంకరం నన్ను లోవరాజుకు విసిరాడు, జవాబు చెప్పమన్నట్టు. లోవరాజు చెయ్యెత్తలేదు. అతని ఛాతీకి తగిలి, కూర గిన్నె అంచు మీద పడి, నేల మీదికి దొర్లాను. నేను ఎవరి చేతిలోనూ లేను, ఎవరూ మాట్లాడలేదు.

ముందుగా నోరు విప్పింది నూకరత్నం గారు. "శంకరం గారూ, ఆ రీళ్ళు నిన్న సాయంత్రం వెళ్ళిపోయాయి కదండీ. ఇది మీకెప్పుడు తెలిసింది?"

శంకరం నవ్వు అక్కడ ఆగింది. నేల మీద నుంచి చూస్తే అతని పాదాలు కనబడ్డాయి నాకు. ఒకదాని మీద ఒకటి వేసుకున్నాడు. "మంగళవారం అండీ" అన్నాడు.

ఆవిడ విన్నాక విననట్టు ఉండలేరు. సోమవారం అమెరికాకు రాశారు. ఆ కాలేజీ వాళ్ళు అప్పటికే డెన్నర్ పేరు మీద ఆ లెక్కలన్నీ ప్రకటించేశారట. గొడవైంది. చేసినవాణ్ణి తీసేస్తే తప్ప పని ఇవ్వమన్నారు అమెరికా వాళ్ళు. శంకరం వెళ్ళి తప్పు తనదని చెప్పాడు. చూసేవాడిది ఆలస్యం, చేసినవాడిది తప్పు అన్నారు. పది రోజుల్లో లోవరాజు తన నీళ్ళ సీసా, మెడ కింద పెట్టుకునే చిన్న దిండు సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయాడు. భోజనాల గదిలో మళ్ళీ ఎవరూ నన్ను పట్టుకోలేదు. ఒక రోజు శంకరం నన్ను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేశాడు.

దుమ్ములపేటలో లోవరాజు ఇంటికి శంకరం మూడుసార్లు వెళ్ళాడు. నన్నెందుకు తీసుకెళ్ళేవాడో నాకు తెలియదు, ఒట్టి చేతులతో వెళ్ళలేకపోయాడేమో. మూడుసార్లూ సత్యవేణే గుమ్మంలోకి వచ్చింది.

"తాగుతున్నాడేమోనని వచ్చారా అన్నయ్యా? తాగట్లేదు. ఒట్టు, తాగట్లేదు" అంది మూడోసారి. "మాటాడట్లేదు, అంతే. హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో చేత్తున్నాడు. ఎల్లి కలవండి, నేను చెప్పానని చెప్పకండి."

వెళ్ళాం. లోవరాజు ఇనుప కొక్కెంతో మంచు దిమ్మల్ని మరలోకి తోస్తున్నాడు. కాళ్ళ దగ్గరంతా నీళ్ళు. శంకరాన్ని చూసి మర ఆపాడు.

"తప్పైపోయిందిరా" అన్నాడు శంకరం. దారంతా ఎన్నో మాటలు కూడబలుక్కున్నాడు, వచ్చింది ఆ ఒక్కటే.

"ఇద్దర్ని ఒకడనుకున్నది నేను కదరా. నీ తప్పేంటి" అన్నాడు లోవరాజు. కోపంగా అని ఉంటే బాగుండేది. "ఉజ్జోగం పోయిందని నాకేం లేదు. ఒకటే అడుగుతాను. మంగళవారవే తెలుసా నీకు?"

"ఊఁ."

"మంగళ, బుధ, గురు, శుక్రవారాలు. నాలుగు రోజులూ నా బండి మీదే కదరా ఇంటికెళ్ళావు. నా భుజం మీద చెయ్యేసుకుని కూచున్నావు."

శంకరం ఏడ్చాడు. లోవరాజు ఏడవలేదు. కొక్కెం అందుకుని, మర మీద చెయ్యి వేసి, అటు తిరిగే ఇంకో మాట అడిగాడు. "స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు కదా, ఆ మొదటోడు. ఆడేవయ్యాడ్రా?"

"తెలీదురా. చూళ్ళేదు."

"ఊఁ" అని మర తిప్పాడు. ఆ చప్పుడులో ఇంక ఏమీ వినబడలేదు.

ఆ రోజు నుంచి శంకరానికి అదే పని అయింది. ఆ కాలేజీకి రాశాడు, ఆ ఊరి లైబ్రరీకి రాశాడు, డెన్నర్, పామ్ అనే ఇంటిపేర్లున్న వాళ్ళకు రాశాడు. కొందరు జవాబివ్వలేదు, కొందరు ఎవరు నువ్వు అన్నారు. అయిదు నెలల తరవాత, ఆ కాలేజీలో లైబ్రేరియన్‌గా చేసి మానేసిన ఒక ముసలావిడ ఈమెయిల్లో పెద్ద ఉత్తరం రాసింది. శంకరం దాన్ని వంటింట్లో నిలబడి చదివాడు, తరవాత కూచుని చదివాడు, తరవాత అచ్చు తీసుకుని రావడానికి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

డెన్నర్ మళ్ళీ ఎన్నడూ ఆడలేదు. కాలు సరిగ్గా అతకలేదు. కానీ ఆ ఏడాది మిగిలిన వారాలన్నీ ఊతకర్రలతో రోజూ మైదానానికి వచ్చి, బదులు వచ్చిన పామ్ కుర్రాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని నేర్పాడట. నాలా పట్టుకుని ఉండకు, దెబ్బలు తింటావు, వచ్చింది వచ్చినట్టు వదిలెయ్యి అని. తనకు చేతకానిది తనే ఇంకొకడి చేత చేయించాడు. పామ్ బతికున్నంత కాలం ఆ విసరడం తనది కాదు, రాల్ఫ్‌ది అనేవాడట. అంటే లోవరాజు చూసింది నిజమే. దెబ్బ తిన్నవాడు మారాడు. మారి, వేరే ఒంట్లోంచి వచ్చాడు.

గొప్ప క్వార్టర్‌బ్యాక్ ఎవరని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే నేను డెన్నర్ అనే చెబుతాను, నూకరత్నం గారి తక్కెడ నాకు అక్కర్లేదు.

ఆ మధ్యాహ్నమే శంకరం ఆ కాగితమూ నేనూ ఉన్న సంచి తగిలించుకుని దుమ్ములపేట బయల్దేరాడు. దారిలో తనలో తనే, "నువ్వన్నదే కరెక్టురా, నువ్వన్నదే" అని గొణుక్కుంటూనే ఉన్నాడు. ఇన్ని నెలల్లో ఆ గొంతులో హుషారు వినడం అదే మొదటిసారి. నాకూ ఆశ పుట్టింది, దాచుకోవడం ఎందుకు.

ఇంటికి తాళం ఉంది. కిటికీకి కట్టిన గుడ్డ కూడా లేదు. శంకరం తలుపు కొట్టాడు, తాళం కనబడుతున్నా కొట్టాడు. పక్కింటి ఆవిడ చేటలో బియ్యం పట్టుకుని బయటికి వచ్చింది.

"లోవరాజు గారి కోసవాండీ? ఎల్లిపోయారు కదండీ. ఇరవై రోజులైంది. గుజరాత్ వైపు ఏదో రొయ్యల కంపెనీ అన్నారు. ఊరు పేరు నాకు నోరు తిరగలేదండీ."

"ఫోను నంబరు..."

"పాతది తీసేశారండీ." ఆవిడ శంకరాన్ని కింద నుంచి పైదాకా చూసింది. "మీరాయనకి ఏవవుతారండీ?"

"స్నేహితుణ్ణండీ."

"మరి మీకు చెప్పలేదాండీ?"

శంకరం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచిలో నా పక్కన పెట్టాడు.

"చెప్పాడండీ" అన్నాడు. "నేనే మర్చిపోయాను."